షాపింగ్ క్లబ్బుల్లో హీల్స్ కొనొచ్చా? సభ్యత్వం తీసుకునే ముందు ఏం చూసుకోవాలి?

తూనీగ

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను. ముదురు మెరూన్ రంగులో, ముందు కొసగా ఉండి, రెండున్నర అంగుళాల మడమ ఉన్న హీల్స్ కోసం చాలా రోజులుగా వెతుకుతున్నాను. నిన్న ఒక షాపింగ్ క్లబ్బులో అచ్చం మనసులో అనుకున్నలాంటివే కనిపించాయి. 60 శాతం తగ్గింపు అని రాశారు. పేజీ పైన గడియారం తిరుగుతోంది, ఇంకా 38 గంటలే మిగిలాయి. కొనాలంటే ముందు సభ్యత్వం తీసుకోవాలి, దానికి కార్డు నంబరు ఇవ్వాలి. అక్కడే ఆగిపోయాను.

నాకు రెండు భయాలు. ఒకటి, ఈ సభ్యత్వం పేరుతో తర్వాత డబ్బులు లాగుతారేమోనని. రెండోది సైజు. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో రెండు జతలు తీసుకుంటే రెండూ కరిచాయి. ఒకటైతే మడమ వెనక చర్మం లేచిపోయేదాకా కరిచింది, ఆ మచ్చ ఇంకా పోలేదు. ఊరికే అంచనాగా తీసుకోలేదండీ, పాదం కొలిచి, వాళ్ల సైజుల పట్టిక చూసే యూరప్ సైజు 37 తీసుకున్నాను. అయినా అలా అయింది. కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గవ్వ

తూనీగ గారూ, ఆ గడియారాన్ని కాసేపు పక్కన పెట్టండి. ముందు అది ఏ రకం క్లబ్బో చూడాలి. పేరు ఒకటే అయినా వీటిలో రెండు వేర్వేరు వ్యాపారాలున్నాయి.

మొదటి రకం కొద్దిరోజుల అమ్మకాలు పెట్టేవి. ఫ్రాన్స్‌లో 2001లో వాంత్ ప్రివే అనే సంస్థ ఈ పద్ధతిని ఇంటర్నెట్‌లోకి తెచ్చింది. ఇప్పుడు దాని పేరు వీపీ. బ్రాండ్ల దగ్గర మిగిలిపోయిన సరుకును సభ్యులకు మాత్రమే, కొద్ది రోజులు మాత్రమే చూపించి తక్కువకు అమ్ముతారు. అమెరికాలో 2007లో గిల్ట్ గ్రూప్ ఇదే దారిలో వచ్చింది. బ్రాండు వాళ్లు దీనికి ఎందుకు ఒప్పుకుంటారంటే, తగ్గించిన ధర బయట అందరి కంటా పడదు. షాపులో ఉన్న కొత్త సరుకు విలువ పడిపోదు. వీటిలో మామూలుగా సభ్యత్వం ఉచితం, ఈమెయిల్ ఇస్తే చాలు.

రెండో రకం నెలనెలా ఫీజు ఉండేవి. అమెరికాలో 2009లో షూడాజిల్, 2010లో జస్ట్‌ఫ్యాబ్ మొదలయ్యాయి. 2013లో షూడాజిల్‌ను జస్ట్‌ఫ్యాబే కొనేసింది. మీ అభిరుచి ఏమిటని నాలుగు ప్రశ్నలు అడిగి, ప్రతినెలా మీకోసం కొన్ని జతలు ఏరి చూపిస్తారు. నెల మొదట్లో కొద్దిరోజుల లోపు ఏదో ఒకటి కొనాలి, లేదా 'ఈ నెల వద్దు' అని నొక్కాలి. రెండూ చెయ్యకపోతే ఫీజు కార్డు నుంచి వెళ్లిపోతుంది. అది పోయినట్టు కాదు, క్రెడిట్‌గా మీ ఖాతాలో ఉంటుంది. కానీ ఆ క్రెడిట్‌తో వాళ్ల దగ్గరే కొనాలి.

కొనకముందే కార్డు అడుగుతున్నారంటే మీరు చూసింది రెండో రకం అయ్యే అవకాశం ఎక్కువ. బటన్ కింద చిన్న అక్షరాలు చదివారా?

పారిజాతం

తూనీగమ్మా, ఆ రెండో రకంలో నేను ఏడు నెలలు ఇరుక్కున్నాను. ఏ క్లబ్బో ఇక్కడ రాయను. మొదటి జత దాదాపు ఊరికే ఇచ్చినంత చవకగా ఇచ్చారు. నల్ల స్వేడ్ బూట్లు, చీలమండ దాకా వచ్చేవి. వాటిమీద ఇప్పటికీ నాకు ఫిర్యాదు లేదు. ఆ ధరకు కొన్న క్షణంలోనే నెల సభ్యత్వానికి కూడా ఒప్పుకున్నానని నాకు తెలియదు. గుర్తుచేసే ఉత్తరాలు పంపారట, అవి ప్రకటనల ఫోల్డర్‌లో పడ్డాయి. కార్డు స్టేట్‌మెంట్ నెలనెలా చూసుకునే అలవాటు అప్పట్లో లేదు. తెలిసేసరికి ఏడు కోతలు పడ్డాయి.

రద్దు చేద్దామంటే వెబ్‌సైటులో ఎక్కడా బటన్ లేదు, ఫోను చెయ్యాలి. ఫోనులో ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. కానీ ఒక్కో ఆఫర్ చెప్పుకుంటూ నలభై నిమిషాలు లాగింది. 'నాకు రద్దు ఒక్కటే కావాలి' అని అదే మాట మళ్లీమళ్లీ చెప్పాను. వాడని క్రెడిట్లకు డబ్బు వెనక్కి ఇవ్వమని పట్టుబడితే నాలుగు ఇచ్చారు, మూడింటికి గడువు తీరిందన్నారు.

అందుకే చెప్తున్నాను, ఆ రకంలో చేరాలనే ఉంటే చేరే రోజునే రద్దు చేసే దారి ఎక్కడుందో వెతికి చూడు. అది దొరక్కపోతే చేరకు. చేరితే ప్రతి నెలా ఒకటో తారీఖుకు ఫోనులో అలారం పెట్టుకో. రద్దు చేసినప్పుడు వాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాన్ని, తెరమీద కనబడే మాటను స్క్రీన్‌షాట్ తీసి దాచుకో. నాకు ఆ నాలుగైనా వెనక్కి వచ్చాయంటే ఫోను చేసిన తేదీలు రాసి పెట్టుకోవడం వల్లే.

గవ్వ

పారిజాతం గారు చెప్పినలాంటివి అప్పట్లో చాలామందికి జరిగాయి. అమెరికాలో 2010లో ఇలాంటి నెలసరి కోతల కోసమే ఒక చట్టం వచ్చింది. షరతులు స్పష్టంగా ముందే చెప్పాలి, కొనేవారు తెలిసి ఒప్పుకోవాలి, ఆపడానికి సులువైన దారి ఉండాలి అని అందులో ఉంది. యూరోపియన్ యూనియన్‌లో అయితే ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు నచ్చకపోతే కారణం చెప్పకుండానే 14 రోజుల్లోపు వద్దనవచ్చు. ఎవరికివారు తమ దేశంలో రూల్ ఏమిటో, ఆ క్లబ్బు ఏ దేశం చట్టం కింద అమ్ముతోందో చూసుకోవాలి. క్లబ్బు వేరే దేశానిదైతే వాపసు పార్సిల్ ఖర్చే చెప్పుల ధరతో పోటీపడుతుంది.

తూనీగ

ఇప్పుడే వెళ్లి చూశాను. బటన్ కింద లేత బూడిద రంగులో రెండు లైన్లున్నాయి. గవ్వ గారు అన్నట్టే నెల ఫీజు ఉంది. ఐదో తారీఖులోపు వద్దనాలి. నిన్న నాలుగుసార్లు ఆ పేజీ చూశాను, ఒక్కసారి కూడా నా కళ్లకు కనబడలేదు! థాంక్యూ అండీ ఇద్దరికీ. దాన్ని మూసేశాను.

ఇంకో క్లబ్బు ఉంది, మొదటి రకానిది, సభ్యత్వం ఉచితం. అందులో కూడా వచ్చే వారం చెప్పుల అమ్మకం ఉందట. సైజు సంగతి ఎవరైనా చెప్పండి.

నీలిమేఘం

క్లబ్బులంటే అందరూ భయపెట్టేస్తున్నారు కాబట్టి నా మాట కూడా వినండి అక్కా. మొదటి రకం క్లబ్బుల్లో రెండేళ్లలో తొమ్మిది జతలు కొన్నాను. ఎనిమిది ఇప్పటికీ వేసుకుంటున్నాను. షాపులో చూసి, ధర చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్న బ్రాండ్లు అవి. అలాంటి తోలు, అలాంటి కుట్టు నా జీతానికి ఇంకెక్కడా అందవు. ముఖ్యంగా చిన్న సైజుల వాళ్లకీ, పెద్ద సైజుల వాళ్లకీ ఇవి నిజంగా వరం. షాపుల్లో మధ్య సైజులు ముందే అయిపోతాయి, మిగిలేది 35లూ 41లే. నాది 35.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఇంతకుముందు వేసుకున్న బ్రాండైతేనే క్లబ్బులో కొంటాను. కొత్త బ్రాండు నచ్చితే ముందు ఏదైనా షాపుకి వెళ్లి, వాళ్ల చెప్పులు ఏవైనా సరే ఒకసారి కాలికి వేసి చూస్తాను. ఆ ఒక్క జత తప్పిపోయింది ఎందుకంటే గడియారం చూసి ఆ నియమం తప్పాను.

ఓపిక మాత్రం కావాలి. చాలాసార్లు సరుకు క్లబ్బు దగ్గర ఉండదు. అమ్మకం ముగిశాక అన్ని ఆర్డర్లూ కలిపి బ్రాండు దగ్గర తెప్పిస్తారు, తర్వాత మనకు పంపుతారు. రెండు మూడు వారాలు మామూలే.

రాతిమెట్టు

నేను పదకొండేళ్లు చెప్పుల తయారీలో, మోడల్స్ చేసే విభాగంలో పనిచేశాను. తూనీగ గారూ, పాదం కొలిచే 37 తీసుకున్నా కరిచింది అన్నారు కదా, మీ తప్పు ఎక్కడ జరిగిందో నాకు కొంచెం అనుమానంగా ఉంది. ముందు మళ్లీ కొలవండి. సాయంత్రం కొలవండి, పగలంతా తిరిగాక పాదం కొద్దిగా ఉబ్బుతుంది. గోడకు ఆనించి నేలమీద తెల్ల కాగితం పెట్టి, మడమ గోడకు తగిలేలా నిలబడండి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది, బరువు పడితేనే పాదం సాగుతుంది. అన్నిటికన్నా పొడుగున్న వేలు కొస దగ్గర పెన్సిల్ నిటారుగా పట్టి గీత పెట్టమనండి ఎవరినైనా. మీరే వంగి గీస్తే బరువు మారుతుంది. రెండు పాదాలూ కొలిచి, మిల్లీమీటర్లలో చెప్పండి. ఆ పట్టికలో 37 పక్కన ఏ అంకె ఉందో కూడా చెప్పండి.

తూనీగ

అక్క చేత గీయించుకున్నాను. ఎడమ 241, కుడి 236. ఇంత తేడా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

పట్టికలో 36 పక్కన 24.0, 37 పక్కన 24.7, 38 పక్కన 25.3 సెంటీమీటర్లు అని ఉంది. నా పాదం 24 పైచిలుకు కాబట్టి 36 చాలదు, 37 సరిపోతుంది అనుకున్నాను.

రాతిమెట్టు

అనుకున్నదే అయింది. అది పాదం పొడవు పట్టిక కాదండీ, చెప్పు లోపలి పొడవు.

యూరప్ సైజులో ఒక్కో అంకెకు తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 6.67 మిల్లీమీటర్లు. ఆ అంకె కొలిచేది పాదాన్ని కాదు, చెప్పును ఏ అచ్చుమీద బిగించి చేస్తారో ఆ అచ్చు పొడవును. మా దగ్గర దాన్ని లాస్ట్ అంటాం. 37ని 6.67తో గుణించండి, 246.8 వస్తుంది. పట్టికలో ఉన్నది అదే, 24.7. అంటే అది అచ్చు కొలత. నడిచేటప్పుడు వేళ్లు ముందుకు కదలడానికి పాదానికన్నా లోపల సుమారు 15 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. మీ 241కి 15 కలిపితే 256. దాన్ని 6.67తో భాగిస్తే 38.4. మీది 38న్నర. 37లో మీ వేళ్లకు మిగిలిన చోటు ఆరు మిల్లీమీటర్లు కూడా లేదు. వేళ్లు ముందు గోడకు కొట్టుకుని పాదం వెనక్కి నెట్టుకుంటుంది, మడమ చర్మం అక్కడ ఒరుసుకుంటుంది. మీ మచ్చ అలా వచ్చినదే అయ్యుంటుంది.

ఏ క్లబ్బు పట్టిక చూసినా ఈ లెక్క చేసి చూడండి. సైజును 6.67తో గుణిస్తే పట్టికలోని అంకె వస్తే అది చెప్పు కొలత. దానికన్నా ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా తక్కువ ఉంటే అది పాదం కొలత. చాలామంది అమ్మేవాళ్లు ఏది ఏదో రాయరు.

ఇంకో సంగతి. ఈ 15 గుండ్రని ముక్కు ఉన్నవాటికి. మీరు అడిగినలాంటి కొస ముక్కు చెప్పులకు అచ్చు వేళ్లు దాటి ఇంకా ముందుకు సాగుతుంది. మంచి తయారీదారు ఆ అదనపు పొడవును సైజు అంకెలో కలపడు, కొందరు కలిపేస్తారు. కాబట్టి కొస ముక్కు జత అయితే అదే బ్రాండు కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు చదవకుండా కొనకండి. బ్రిటిష్ సైజుల్లో అంకెకు తేడా అంగుళంలో మూడో వంతు, ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల దాకా. అందుకే ఒక లెక్క నుంచి ఇంకో లెక్కకు మార్చినప్పుడు ఎప్పుడూ సరిగ్గా కుదరదు. పెట్టెమీద రెండూ ఉంటే బ్రాండు పుట్టిన దేశపు అంకెను నమ్మండి.

వెడల్పు కూడా ఉంది కానీ క్లబ్బుల సరుకులో వెడల్పు ఎంచుకునే వీలు దాదాపు ఉండదు. మీ పాదం ముందు భాగం వెడల్పైతే మరీ సన్న కొస వద్దు, బాదంకాయ ఆకారం ముక్కు చూడండి.

తూనీగ

రాతిమెట్టు గారూ, మీ లెక్క చదివి లేచి వెళ్లి ఆ పాత జత తీసి లోపల టేపు పెట్టి కొలిచాను. 24.7! రెండేళ్లుగా నా పాదాలదే లోపమని అనుకుంటున్నాను.

సాయంసంధ్య

ఈ చర్చలో ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. క్లబ్బులో కొన్నవి పాత సరుకు కావచ్చు. పాతదంటే వాడినది కాదు, గోడౌన్‌లో ఏళ్లు పడి ఉన్నది.

లేత గోధుమరంగు వెడ్జ్ హీల్స్, అంటే మడమా అడుగూ ఒకే ముక్కగా ఉండేవి, కొన్నాను, బలే అందంగా ఉండేవి. డిగ్రీ పట్టా తీసుకునే రోజుకని రెండేళ్లు పెట్టెలో దాచుకున్నాను. ఆ రోజు వేదిక మెట్లెక్కుతుంటే కాలికింద మెత్తగా, ఇసుకలో అడుగేసినట్టు అనిపించింది. కిందికి చూస్తే మెట్లమీద చిన్నచిన్న ముక్కలు. దిగేసరికి కుడి చెప్పు అడుగు సగం లేదు. వేలితో తాకితే పిండిలా రాలింది. పైన పట్టీలు మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి. క్లబ్బు వాళ్లను అడిగితే వాపసు గడువు ఎప్పుడో అయిపోయిందన్నారు. ఒక్కసారి కూడా వేసుకోకుండా దాచుకున్న చెప్పులు అలా ఎలా పాడైపోతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రాతిమెట్టు

సాయంసంధ్య గారూ, దాచడం వల్లే అలా అయింది. తేలిగ్గా, మెత్తగా ఉండే అడుగులు చాలావరకు పాలీయురేథేన్‌తో చేస్తారు. గాలిలోని తేమ దాని అణువుల గొలుసులను మెల్లగా తెంపుతుంది, దీన్ని జలవిశ్లేషణ అంటారు. వేసుకున్నా వేసుకోకపోయినా అది ఆగదు. మూసిన పెట్టెలో, తేమ ఉన్నచోట ఇంకా తొందరగా జరుగుతుంది. పైన పట్టీలు వేరే పదార్థం కాబట్టి వాటికేమీ కాలేదు. గుణం బాగా ఉన్న రకాల్లో కూడా ఇది ఉంది, అందుకే ఖరీదైన బ్రాండు అయినా తప్పించుకోలేదు.

గవ్వ

మరి పార్సిల్ వచ్చిన రోజే తెలుసుకునే దారి ఉందా?

రాతిమెట్టు

కొంతవరకు ఉంది. బొటనవేలితో అడుగును గట్టిగా నొక్కండి. నొక్కినచోట తిరిగి లేవాలి. జిగటగా తగిలినా, సన్నని పగుళ్లు కనబడినా వెంటనే వాపసు పంపండి. మడమ దగ్గర, అడుగూ పైభాగమూ కలిసే చోట వేలితో తోసి చూడండి, జిగురు ఎండిపోతే అక్కడ విడుతుంది. ఆ తర్వాత చెప్పును రెండు చేతులతో పట్టుకుని వంచండి. వేళ్లు మడిచే చోట వంగాలి. నడిమధ్యలో, పాదం వంపు కింద వంగిపోతే లోపల స్టీలు పట్టీ సరిగ్గా లేదన్నమాట, ఆ హీల్స్ మీద నిలకడగా నిలబడలేరు. ఎక్కువ మడమ ఉన్నవాటికి ఇది చాలా ముఖ్యం.

పెట్టెలో దాచుకోవడం మానెయ్యండి. కొన్నాక వేసుకోండి.

నీలిమేఘం

తోలు గురించి కూడా చెప్పనా? ఫొటోలో 'లెదర్ లుక్', 'లెదర్ ఫినిష్' అని ఉంటే అది తోలు కాదు, రెక్సిన్ లాంటిదే. యూరప్‌కు అమ్మే జతలకు చిన్న బొమ్మలున్న గుర్తు ఉంటుంది. 1996 నుంచి అక్కడ అది తప్పనిసరి. పరిచిన పశువు చర్మం ఆకారం ఉంటే తోలు, డైమండ్ ఆకారం ఉంటే వేరే పదార్థం, అల్లిక గళ్లు ఉంటే బట్ట. పైభాగానికి, లోపలి గుడ్డకు, అడుగుకు విడివిడిగా ఉంటాయి. పైన తోలు, లోపల ప్లాస్టిక్ అన్న జతలు ఇలాగే దొరికిపోతాయి. క్లబ్బు పేజీలో ఆ గుర్తు ఫొటో లేకపోతే నేను ఉత్తరం రాసి అడుగుతాను. జవాబు రాకపోతే కొనను.

గవ్వ

తగ్గింపు శాతం చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. కొట్టేసిన ధర నిజంగా ఎక్కడైనా ఎవరైనా ఇచ్చిన ధరేనా? మోడల్ పేరు, నంబరు వేరే చోట వెతికి చూడండి. ఆ మోడల్ ఆ ఒక్క క్లబ్బులో తప్ప ఎక్కడా కనబడకపోతే, అది తగ్గింపుకు అమ్మడానికే తక్కువ ఖర్చుతో చేయించిన రకం కావచ్చు. కొన్ని బ్రాండ్లు అలా వేరే వరుస చేయిస్తాయి. అది తప్పు కాదు, కానీ దాన్ని షాపులోని జతతో పోల్చుకుని 60 శాతం మిగిలిందని సంతోషపడితే మాత్రం పొరపాటే.

నీలిమేఘం

గవ్వ గారూ, ఇక్కడ కొంచెం తేడా ఉంది నాకు. అలా చేయించినవాటిలో కూడా బాగున్నవి కొన్నాను. ఎంత తగ్గింది అన్నది వదిలేసి, ఇప్పుడు అడుగుతున్న ధరకు ఈ జత తగునా అని చూసుకుంటే చాలు కదా.

గవ్వ

అవును, అది ఒప్పుకుంటాను. మీ మాటే మంచిది.

తూనీగ

నాలుగు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. రెండో క్లబ్బులో కొన్నాను, ఉచిత సభ్యత్వం. నీలిమేఘం గారి మాట ప్రకారం ఆ బ్రాండు చెప్పులు ముందు ఒక షాపులో వేసి చూశాను. ముక్కు బాదంకాయ ఆకారం, రంగు మెరూనే, సైజు 38న్నర. 19 రోజులకు వచ్చాయి. ఉద్యోగంలో చేరిన రోజు పాత చెప్పులతోనే వెళ్లాను, ఫర్వాలేదు.

పెట్టె విప్పి ముందు అడుగు నొక్కాను, వంచాను, గుర్తు చూశాను. అన్నీ బాగున్నాయి. సాయంత్రం దాకా ఆగి, నేలమీద దుప్పటి పరిచి దానిమీదే నడిచాను, అడుగున స్టిక్కర్ అలాగే ఉంచాను. ఎడమ కాలికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను, వేళ్లు కదులుతున్నాయి. కానీ కుడి మడమ ప్రతి అడుగుకూ పైకి లేస్తోంది. వాపసుకు ఇంకా ఆరు రోజులుంది. పంపేయమంటారా?

రాతిమెట్టు

పంపకండి, ఐదు మిల్లీమీటర్ల తేడాకు అది మామూలే. పెద్ద పాదానికి కొనడమే సరైన పద్ధతి. మడమ దగ్గర మెత్త అంటించకండి, అది పాదాన్ని ఇంకా ముందుకు తోస్తుంది. కుడి చెప్పులో ముందు భాగాన, వేళ్ల మొదళ్ల కింద పలుచని మెత్త పెట్టండి. లోపల ఖాళీ నిండి పాదం ముందుకు జారడం ఆగుతుంది. జిగురు కాగితం తియ్యకుండా ఊరికే పెట్టి నడిచి చూడండి, అంటించేస్తే వాపసు తీసుకోరు.

పారిజాతం

ఆ ఆరో రోజు ఏ తారీఖో ఇప్పుడే ఫోనులో పెట్టుకో అమ్మా. పార్సిల్ మనం పంపిన రోజు లెక్కా, వాళ్లకు అందిన రోజు లెక్కా అన్నది కూడా చూడు.

తూనీగ

పంపిన రోజే లెక్కట, రాసి ఉంది. అలారం పెట్టాను పారిజాతం గారూ.

మెత్త తెచ్చాను, జిగురు తియ్యకుండా కుడి చెప్పులో పెట్టి ఇరవై నిమిషాలు దుప్పటి మీద అటూ ఇటూ తిరిగాను. మడమ లేవలేదు. అక్క వెనకనుంచి కూడా చూసింది. ఇప్పుడు స్టిక్కర్ తీస్తున్నాను, రేపు వీటితోనే ఆఫీసుకి.